నీలం సీసా

చిన్నా,

ఎలా ఉన్నావు నాన్నా. పండుకి జలుబు తగ్గిందా. రాధని అడిగానని చెప్పు. ఇది వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో ఎందుకు పంపిస్తున్నానంటే, వాట్సాప్‌లో పెడితే నువ్వు బొటనవేలు బొమ్మ ఒకటి పడేసి ఊరుకుంటావు, మెయిల్ అయితే ఆఫీసు వాళ్ళదేమో అనుకునైనా తెరుస్తావు. తప్పులుంటే సర్దుకుని చదువు, ఈ ఫోనుకి ల కి ళ కి తేడా తెలీదు, నాకు కళ్ళజోడు పవరు మారింది.

రాయడానికి కారణం అంటూ పెద్దగా ఏం లేదు. మీ నాన్నగారి చెక్కపెట్టెకి చెదలు పట్టింది, ఆ సంగతి చెప్దామని. మేడ మీద గదిలో గోడవారన పెట్టాం కదా, వానాకాలంలో ఆ గోడ చెమ్మెక్కింది, నువ్వు వచ్చినప్పుడు మేస్త్రీని పిలుస్తానన్నావు, సరే అది వదిలెయ్యి. మొన్న మంగళవారం గౌరి ఊడుస్తూ అమ్మగారూ మట్టి రాలుతోందండీ అంటే వెళ్ళి చూశాను. అడుగు చెక్క మొత్తం అట్టముక్కలా అయిపోయింది. ఇద్దరం కలిసి ఒక్కొక్కటీ తీసి డాబా మీద ఎండలో పెట్టాం. కాన్పూర్ సర్టిఫికెట్‌లో నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్ అన్నంతవరకూ ఉంది, కింద పేరున్న భాగం తినేశాయి. పెళ్ళి ఫోటో బాగానే ఉంది, అందులో నీ పెద్దమావయ్య మొహం తప్ప. నోటు పుస్తకాలకి మాత్రం ఏం కాలేదు, అవన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి, వేపాకు వేసి, పైన మళ్ళీ తేదీ రాసి పెట్టుకున్నారు. ఆయన దేనికి తేదీ రాయలేదు చెప్పు. ఆవకాయ జాడీకి కూడా బ్యాచ్ 1, బ్యాచ్ 2 అని కాగితం అంటించేవారు, ఉప్పు ఎంత పడిందో తూకంతో సహా. అత్తయ్యగారు ఉన్నన్నాళ్ళూ అది చూసి నవ్వేవారు, ఊరగాయకి కూడా పుట్టినరోజు చేస్తాడ్రా వీడు అని.

మొన్న చంటి వాళ్ళ అమ్మాయి నిశ్చితార్థానికి వెళ్ళాను. బుల్లత్త కనిపించింది. ఆవిడ ఏదేదో చెప్పింది, ఆవిడ మాటలు నేను పట్టించుకోను నీకు తెలుసుగా. మీ అత్తగారు కూడా వచ్చారు. పాపం బాగా మాట్లాడారు. నన్ను పక్కకి కూర్చోబెట్టుకుని చాలా బాగా మాట్లాడారు. మరీ అంత జాలిగా ఎందుకు మాట్లాడారో ఇంటికొచ్చాక ఆలోచించాను.

నువ్వు ఫోన్ చేసి ఈ ఆదివారానికి పదహారు రోజులు. లెక్క పెట్టట్లేదులే, క్యాలెండర్ ఎదురుగానే ఉంటుంది కాబట్టి కనిపిస్తుంది.

పెట్టెలో ఏమేమున్నాయో చెప్తా. రసం చిక్కదనం, అదే బ్రిక్స్, చూసే స్పిండిల్ ఒకటి, పగల్లేదు. పంచదార పాకం ఉడికే పాన్ దగ్గర గింజ కట్టిందా లేదా చూసే గాజుపలకలు నాలుగు. బిరడా పెట్టిన చిన్న చిన్న సీసాల్లో పంచదార శాంపిళ్ళు, ఎస్-30, ఎం-30, ఎల్-30 అని గింజ సైజు గుర్తులు ఆయన రాత, ఒక్కదానికీ చీమ పట్టలేదు. మీరు చిన్నప్పుడు ఏ పెళ్ళికి తీసుకెళ్ళినా కాఫీ దగ్గర పంచదార గిన్నెలోంచి చిటికెడు తీసి బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య రాసి, ఇది ఎం-30, సీజన్ ఆఖర్లో కొట్టిన సరుకు అనేవారు, పక్కవాళ్ళకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అక్క సిగ్గుతో నా కొంగు వెనక దాక్కునేది. ఇంకా చెరకు రకాల చీటీలు. కో 419 అంటే కోయంబత్తూరులో పుట్టింది, 87ఏ298 అంటే మన అనకాపల్లి చెరకు పరిశోధన స్టేషన్‌లో పుట్టింది, దాని ఇంటిపేరు విశ్వామిత్ర అని మీకు చెప్పేవారు గుర్తుందా? 1913లో పెట్టిన స్టేషన్ మన ఊళ్ళో ఉందిరా, మీ టీచర్‌కి చెప్పు అని నిన్ను ఊదరగొట్టేవారు. నువ్వు వెళ్ళి చెప్పావు కూడా, ఆవిడ రైల్వే స్టేషన్ అనుకుంది.

అడుగున ఒక సీసా ఉంది. ఖాళీదే. గాజు లోపల అంచుకి నీలం చార ఇంకా ఉంది. దాని సంగతి తర్వాత చెప్తా.

పండు పుట్టినరోజు ఫోటోలు రాధ పంపింది. బాగున్నాయి. పండు గౌను బాగుంది, కాస్త పొట్టి. ఆ గుంపు ఫోటోలో అందరి చేతుల్లో కేకు ప్లేట్లు ఉన్నాయి. నీ ప్లేట్‌లో కీరా ముక్కలు ఉన్నాయి. నేను జూమ్ చేసి చూశాను, కీరా ముక్కలే. నాలుగో ఏట కేకు మీద క్రీమ్ పువ్వు కోసం గోడకి తల కొట్టుకున్నవాడివి నువ్వు. పైగా బుగ్గలు లోపలికి పోయాయి. జిమ్‌కి వెళ్తున్నావేమోలే అనుకున్నా. ఈ రోజుల్లో అందరూ అదేగా.

సంక్రాంతికి కొరియర్‌లో అరిసెలు పంపాను. సూపర్‌గా ఉన్నాయమ్మా అన్నావు. చిన్నా, ఆ అరిసెలు రాళ్ళు. నేను తిని చూసే పంపాను, పంపాక కాదు, ముందే. పాకం ముదిరిపోయింది. ప్రతి ఏడూ పొయ్యి పక్కన మీ నాన్నగారు నిలబడి గరిట ఎత్తి తీగ చూసి, ఊ, దించెయ్, అనేవారు, నేను దించేదాన్ని, నలభై ఏళ్ళుగా నా అరిసెలు బాగుంటాయని అందరూ అనడమే గాని ఆ దించెయ్ అన్నమాట ఆయనదని నాకూ తెలీదు. ఈసారి నాకు నేనే దించాలి కదా, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ ఉండిపోయాను. గౌరి కొడుకు పళ్ళతో కొరకలేక రోట్లో కొట్టుకుని తిన్నాడు. అలాంటివాటిని సూపర్‌గా ఉన్నాయన్నావంటే నువ్వు నోట్లో పెట్టుకోలేదన్నమాట. ఎందుకు పెట్టుకోలేదు? అడగట్లేదు. ఊరికే అన్నాను.

ఇక ఆ సీసా. ఇది నీకు సగమే తెలుసు, సగం తెలిస్తే తెలియనట్టే.

1995, జూన్ నెల. నీకు ఎనిమిదేళ్ళు. అక్క పెళ్ళిచూపులకి ఒకళ్ళు వస్తామన్నారు, ఆ రాజమండ్రి సంబంధం, అందుకని ఇల్లంతా ఉతుకుళ్ళు, దులుపుళ్ళు. కాలనీ క్వార్టర్స్‌లో పెరటి అరుగు మీద బట్టలుతుక్కునేవాళ్ళం కదా, తెల్లబట్టలన్నీ ఒక బకెట్లో వేశాక చూస్తే నీలిమందు అయిపోయింది. కొట్టుకి ఎవరిని పంపను, నువ్వు ఎక్కడో గోళీలాడుతున్నావు. అప్పుడు అటక మీద పాత పేపర్ల వెనక ఒక సీసా కనిపించింది, నిండా నీలం, ఎంత చక్కటి నీలం అంటే నెమలి మెడలా ఉంది. మీ నాన్నగారు ఎక్కడో హోల్‌సేల్‌లో తెచ్చి దాచి మర్చిపోయారనుకున్నా. బకెట్లో ఒక మూత పోశాను. ఏం రంగు పట్టలేదు. ఇంకో మూత. ఇంకోటి. చివరికి సగం సీసా ఒంపేశాను. బట్టలారాక చూద్దును కదా, ఆయన బనీన్లు, పంచెలు, నీ స్కూలు షర్టులు రెండు, అన్నీ అదో మాదిరి పాచిపట్టిన లేత పచ్చ. అక్క ఏడుపు ఒకటి, దాని తెల్ల ఓణీ కూడా అందులోనే ఉంది.

సాయంత్రం ఆయన వచ్చారు. దండెం మీద బట్టలు చూశారు. అటక వైపు చూశారు. నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది, మనిషి నోరు తెరిచి మూసేశారు. మామూలుగా అయితే ల్యాబ్ సామాను ముట్టుకున్నందుకు ఇల్లు ఎగిరిపోయేది. ఆ రోజు ఒక్క మాట లేదు. చెప్పులు విప్పి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, లోపలికొచ్చి, అది ల్యాబ్‌ది, అన్నారు నెమ్మదిగా.

ల్యాబ్‌ది ఇంట్లో ఎందుకుంది అన్నాను.

రసం టెస్టుకి, అన్నారు.

ఏం రసం అన్నాను.

చెరకు రసం, అన్నారు.

నేను సరేనని వంటింట్లోకి వెళ్ళి, బియ్యం కడుగుతూ కడుగుతూ ఆగిపోయాను. జూన్‌లో చెరకు రసం ఏమిటి? క్రషింగ్ మార్చి ఆఖరికే అయిపోయింది, మిల్లు రోలర్లు విప్పి గ్రీజు పూసి పెట్టారు, ఫ్యాక్టరీలో ఆ రోజుల్లో రసం చుక్క ఉండదు. పదో క్లాసు తప్పినదాన్నే గాని ఇరవై ఏళ్ళు షుగర్ ఫ్యాక్టరీ కాలనీలో కాపురం చేసినదాన్ని, సీజన్ ఎప్పుడో ఆఫ్ సీజన్ ఎప్పుడో నాకు తెలీదా? ఇరవై ఏళ్ళలో ఆయన నాతో ఆడిన మొదటి అబద్ధం అది. కెమిస్టులకి అబద్ధం ఆడటం రాదు.

మర్నాడు తెల్లారగట్ల నాలుగున్నరకి పక్కన మనిషి లేరు. నేను చప్పుడు చెయ్యకుండా లేచి పెరటి తలుపు సందులోంచి చూశాను. అరుగు మీద స్పిరిట్ దీపం. చెక్క పట్టకారుతో టెస్ట్ ట్యూబ్ పట్టుకుని, మంట మీద ఊపుతూ ఊపుతూ, ఒక కన్ను మూసి ఆ వెలుతురులో చూస్తున్నారు. పాన్ దగ్గర గింజ చూసినట్టే చూస్తున్నారు. ట్యూబులో ముందు నీలం. నేను చూస్తుండగానే ఆకుపచ్చ అయింది. తర్వాత పసుపు. తర్వాత నారింజ. చివరికి కొత్త ఇటుక ఎలా ఉంటుంది, అలా అడుగుకి దిగింది. ఆయన దీపం ఆర్పేసి, ఆ చీకట్లో నోటు పుస్తకం మోకాలి మీద పెట్టుకుని ఏదో రాసుకున్నారు. అది నాకు చాలా కోపం తెప్పించింది. ఏడవడు, పిలవడు, రాసుకుంటాడు.

తలుపు తోసుకుని వెళ్ళి ఏమిటది అన్నాను. ఒక్క క్షణం ఆగి, ఒంటేలు అన్నారు. ఎవరిది? నాదే. రంగేమిటి? ఇటుక రంగు. అంటే? రెండు శాతం దాటింది, అన్నారు, బజార్లో ధర చెప్పినట్టు.

ఆ నీలం మందు పేరు బెనెడిక్ట్ అట, అందులో ఉండేది మైలుతుత్తం, చాకలిసోడా, ఇంకా నిమ్మ ఉప్పు లాంటిదేదో. ఒంటేలు ఎనిమిది చుక్కలు వేసి కాస్తే, అందులో చక్కెర ఉంటే రాగి ఎర్రగా బయటికొస్తుంది. ఇప్పటిలా వేలికి గుచ్చుకుని మిషన్‌లో పెట్టుకోవడం అప్పుడు మన ఇళ్ళల్లో ఎక్కడిది. ఊళ్ళో డాక్టర్‌కి చూపిస్తే అరగంటలో కాలనీ అంతా తెలిసిపోతుందని, ఈయన తన పరీక్ష తనే చేసుకుంటున్నారు, ఫిబ్రవరి నించి. నాలుగు నెలలు! సీజన్ మధ్యలో నైట్ డ్యూటీలు చేస్తూ, దాహం దాహం అని చెంబులు చెంబులు నీళ్ళు తాగుతుంటే, బాయిలర్ దగ్గర వేడికేమో అనుకున్నాను నేను.

ఆ పుస్తకం ఇప్పుడు నా ముందే ఉంది. తేదీ, టైము, పక్కన రంగు. నీ, ఆ, ప, ఇ. ఫ్యాక్టరీ లాగ్ షీట్‌లాగే. ఒక వారం మెంతులు, పక్కన ‘కొంచెం’ అని ఉంది. ఒక వారం నేరేడు గింజల పొడి, ‘మార్పు లేదు’. పది రోజులు కాకరకాయ రసం, ‘మార్పు లేదు, కడుపులో మంట’. రాత్రి అన్నం మానేసి చోడి అంబలి, ‘ప నుంచి ఆ’. ఒకచోట నా గురించి ఉంది చిన్నా. ‘ఏప్రిల్ 11, దీనికి చెప్పాలి.’ మళ్ళీ ‘మే 2, చెప్పాలి.’ మే 20న ఏమీ రాయలేదు, ఒక గీత గీసి ఉంది.

ఎందుకు చెప్పలేదు అని అడిగితే ముందు పెళ్ళిచూపుల సంగతి చెప్పారు. ఇంట్లో షుగర్ ఉందంటే సంబంధం వెనక్కి పోతుందేమో అని. తర్వాత, పంచదార ఫ్యాక్టరీ వాడికి షుగర్ అంటే జనం నవ్వుతారు అన్నారు. ఇవి రెండూ కావు. తాతయ్య కాలు. అది ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు.

నవ్వారు కూడా. తర్వాత అందరికీ తెలిసిపోయింది కదా, లోడింగ్ దగ్గర ఒకడు ఏం సార్ రుచి ఎక్కువ చూశారా అన్నాడట. ఈయన, మరి స్టీల్ ప్లాంట్‌లో చేసేవాడికి రక్తంలో ఐరన్ పెరుగుతోందా అని అడిగారట. ఆ మాట ఆయన చెప్పలేదు, ల్యాబ్ సింహాచలం వచ్చి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు.

నీకు గుర్తున్న సగం ఏమిటంటే ఆ ఆదివారం. నువ్వు, నాన్నా పంచదార తింటే ఒంటేలు ఎర్రగా అవుతుందా అని అడిగావు. ఆయన నిన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మన ఫ్యాక్టరీ పంచదార ఒక చెంచా నీళ్ళల్లో కరిగించి, మిగిలిన సగం సీసాలోంచి మందు పోసి కాచారు. నీలం నీలంగానే ఉంది. చూశావా, పంచదారకి ఇది లొంగదు అన్నారు. నువ్వు మోసం అన్నావు. అప్పుడు ఇంకో ట్యూబులో అదే పంచదార నీళ్ళల్లో ల్యాబ్ యాసిడ్ రెండు చుక్కలు వేసి కాసేపు మరగబెట్టి, సోడా పొడి వేస్తే బుస్సుమని పొంగింది, నువ్వు చప్పట్లు కొట్టావు, అది ఆగాక నీలం మందు పోసి కాస్తే ఇటుక రంగు. పంచదార అంటే రెండు చక్కెరలు చేతులు పట్టుకుని నిలబడ్డాయిరా, యాసిడ్ వచ్చి చెయ్యి విడిపించింది, విడిపోయాక దొరికిపోయాయి, అని చెప్పారు. ఆ రోజు నించి వారం పాటు నువ్వు ఇంట్లో కనిపించిన ప్రతిదీ కాస్తానన్నావు, మజ్జిగ, కాఫీ, ఆఖరికి కుక్కది కూడా. అంతా గుర్తుందా?

సరే. ఇంకా ఎన్ని వంకర్లు తిరగను. మీ అత్తగారు నాతో అన్నది ఏమిటంటే, చిన్న వయసులోనే పాపం, జాగ్రత్తగా చూసుకుంటోందిలెండి మా అమ్మాయి, ఈ మధ్య బియ్యమే కొనట్లేదు, అని. బుల్లత్త పక్కనుంచి, వంశంలో ఉంది కదా మరి, అంది. నాకు తెలిసినట్టే తల ఊపాను. ఏం చెయ్యను, కొడుకు సంగతి కన్నతల్లికి తెలీదని ఒప్పుకోనా? ఇంటికి ఆటోలో వస్తూ నూకాలమ్మ గుడి ముందు నించి వెళ్తే దణ్ణం పెట్టుకోవడం కూడా మర్చిపోయాను, అంత కోపం. నీ మీద కాదు. నీ మీదే.

రాధని ఏమీ అనకు. వాళ్ళమ్మకి చెప్పుకుంది, తప్పేం ఉంది. నువ్వు కూడా మీ అమ్మకి చెప్పి ఉంటే సమానంగా ఉండేది.

నేను లెక్చర్ ఇవ్వను. నీకు ముప్పై ఎనిమిదేళ్ళు, నీకు తెలుసు. కాని చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి కాబట్టి చెప్తున్నా. డాక్టర్ మాత్రలు రాస్తే మొహమాటం లేకుండా వేసుకో, నాలుగు రోజులు బాగుందని మానెయ్యకు. ఆ నేరేడు గింజలు, కాకరకాయ రసం ఫోన్లో ఎవరో పంపుతారు, మీ నాన్నగారు ముప్పై ఏళ్ళ కిందటే చేసి ‘మార్పు లేదు’ అని రాసి పెట్టారు, మళ్ళీ నువ్వు చెయ్యక్కర్లేదు. చివరికి ఆయనకి పనిచేసింది డాక్టర్ ఇచ్చిన మాత్ర, రాత్రి చోడి అంబలి, సాయంత్రం ఫ్యాక్టరీ గేటు నించి రైల్వే గేటు దాకా నడక, ఈ మూడే. మూడు నెలలకోసారి ఆ హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల చక్కెర సగటు చెప్పే రక్తపరీక్ష, చేయించు. ఎర్రకణం నూట ఇరవై రోజులు బతుకుతుంది, చచ్చేదాకా మనం తిన్నదంతా మోస్తుంది, అందుకే దాన్ని మోసం చెయ్యలేం, పరీక్ష ముందు రోజు ఉపవాసం ఉండి ప్రయోజనం లేదు, ఇది కూడా ఆయనే చెప్పేవారు. 6.5 గాని ఆ పైన గాని ఉంటేనే షుగర్ అంటారు, 5.7కి దానికి మధ్యలో ఉంటే బోర్డర్. నీది ఎంత? నాది బోర్డర్‌లో ఉందన్నారులే, ఉగాది అప్పుడు చేయించాను, అది వేరే సంగతి, అక్కకి చెప్పకు. కళ్ళు ఏడాదికోసారి చూపించుకో, బాగా కనిపిస్తున్నా సరే. కాళ్ళు. చిన్నా, కాళ్ళ సంగతి మాత్రం నవ్వకుండా విను. మీ నాన్నగారు రాత్రి పడుకునే ముందు మంచం మీద కూర్చుని, టార్చి వేసి, నా చేతి అద్దం అరికాలు కింద పెట్టి వేలు వేలు సందూ చూసుకునేవారు. ఒక్క రాత్రి మానలేదు. మీ పెళ్ళి రాత్రి కూడా, విడిదింట్లో, అందరూ ఉండగా, నాకు సిగ్గేసింది. తనవి చూసుకున్నాక నీవీ ఇటు పెట్టు అనేవారు. నాకు షుగర్ లేదు కదా అంటే, కాళ్ళున్నాయి కదా అనేవారు.

ఇరవై తొమ్మిదేళ్ళు దానితోనే ఉన్నారు. ఆ తెల్లారగట్ల ఇటుక రంగు చూసి నేను రెండేళ్ళలో అయిపోతుందనుకున్నా. నిన్ను చదివించారు, అక్క పెళ్ళి చేశారు, 2008లో రిటైరయ్యారు, పండుని ఎత్తుకుని ఆడించారు, బెల్లం వండేవాళ్ళ దగ్గరికి వెళ్ళి తెల్లగా కనిపించడానికి హైడ్రోస్ వెయ్యకండర్రా, బెండ జిగురు చాలు మడ్డి పైకి తేలుతుంది అని తిట్లు తిని వచ్చేవారు, ఒక్క బెల్లం ముక్క నోట్లో వేసుకోకుండా మార్కెట్‌లో దిమ్మ దిమ్మకీ మార్కులు వేసేవారు. చివరికి పోయింది గుండెతో, నిద్రలో. రెండు కాళ్ళతో పోయారు. ఆ మాట ఇంకెవరితోనూ అనలేను, విని నవ్వుతారు, నీకు అర్థమవుతుంది.

మీరు చిన్నగా ఉన్నప్పుడు ఆయన డ్యూటీ నించి వచ్చి ఎంతసేపు చేతులు కడుక్కునేవారో గమనించావా? రసం తేటపడటానికి ల్యాబ్‌లో సీసం మందు వాడేవారు, అది విషం. బయట కుళాయి దగ్గరే, సబ్బుతో మూడుసార్లు, మోచేతుల దాకా. నువ్వు గుమ్మంలో నాన్నా నాన్నా అని గెంతుతుంటే ఉండు ఉండు అంటూ మూడోసారి కూడా కడిగి, పైపంచెకి తుడుచుకుని, అప్పుడు ఎత్తుకునేవారు. అక్క అంటుండేది, నాన్నకి మనమంటే ఇష్టం లేదు, రాగానే దగ్గరికి రానివ్వరు అని. పిల్ల బుద్ధి. నాకు కామెర్లు వచ్చినప్పుడు దానికి రెండు నెలలు జడలు వేసింది ఎవరు? రెండు జడలూ దారం పెట్టి కొలిచి మరీ సమానంగా వేసేవారు, స్కూలుకి లేటయ్యేది.

ఆబ్దికానికి ఎప్పుడు వస్తున్నావో టికెట్ చేయించుకుని చెప్పు. ఫాల్గుణంలోనే, ఆఖరి నిమిషంలో తత్కాల్ అంటే నాకు బెంగ. వంటవాడికి చెప్పేశాను, పరమాన్నం బెల్లంతోనే, అది ఆయనకి, నీకు వేరే. నీకు చోడి సంకటి నేనే చేస్తా, మెంతికూర పప్పు చేస్తా. నువ్వు వస్తే ఆ మేడ మీద గోడ చూడు. ఆ నోటు పుస్తకం నీ కోసం తీసి పెట్టాను, బీరువాలో నా పట్టుచీరల కింద, అక్కడికి చెదలు రావు. సీసా కడగలేదు.

చోడి పిండి రెండు కిలోలు, వేయించిన మెంతిపొడి, నువ్వులపొడి నిన్న కొరియర్‌లో వేశాను, శుక్రవారానికి రావచ్చు, రాధ ఆఫీసులో ఉంటే వాచ్‌మన్ తీసుకుంటాడో లేదో కనుక్కో, పోయినసారి వెనక్కి తిప్పి పంపారు. పిండి డబ్బా మీద తేదీ రాశాను. ఆ అరిసెలు ఇంకా ఉంటే పారెయ్యకండి, నానబెట్టి చెట్లకి వేస్తే బలం. రాత్రి పడుకునే ముందు చెప్పులు వేసుకుని నడువు, ఇంట్లో కూడా, మీ ఫ్లాట్‌లో ఆ టైల్ అంచు పగిలి ఉంది నేను చూశాను.

రిపోర్ట్ ఫోటో తీసి పంపించు. మొత్తం పేజీ, కింద నంబర్లతో సహా. లైటు వేసి తియ్యి, నువ్వు తీసే ఫోటోలన్నీ మసగ్గా ఉంటాయి.

అమ్మ